కిటికీ పక్కన కూర్చున్న మాట

ఏప్రిల్ ఒకటో తారీఖు పొద్దున్నే, చిక్కాల వరహాలరావుకి ప్రభుత్వం వారు కేటాయించిన ఇంగ్లీషు మాట ఆయన ఇంటికి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విప్పి, హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. సన్నగా పొడుగ్గా ఉంది. నల్లకోటు వేసుకుని, మోకాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, రిజర్వేషను లేకుండా రైలెక్కిన రిటైర్డు హెడ్మాస్టరులా ఒదిగి కూర్చుంది. వరహాలరావు భార్య రత్నమాణిక్యం కాఫీ పట్టుకొచ్చింది. మాట వద్దని తలూపింది. మాటలు కాఫీ తాగవని ఆవిడకి అప్పటికింకా తెలీదు.

ఇందులో ముక్కు మీద వేలేసుకోవలసిందేమీ లేదు. ఆ పొద్దున లాకుల, తూముల శాఖలో పనిచేసే వాళ్ళందరి ఇళ్ళకీ ఇలాగే ఒక్కో మాట వచ్చింది. జిల్లాల నుంచి పైకి వెళ్ళే ఉత్తరాల్లో తాతల కాలం నుంచీ అవే నాలుగు మాటలు తిరుగుతున్నాయనీ, చదివే పెద్దలకి నిద్ర ముంచుకొస్తోందనీ రాజధానిలో కనిపెట్టారు. అరిగిపోయిన మాటలన్నిటినీ ఒక్క ఉత్తర్వుతో రిటైరు చేసేశారు. 'కైండ్లీ' ఇప్పుడు ఆఫీసు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని పొద్దుపుచ్చుతోంది. 'నీడ్‌ఫుల్' బస్సు కాంప్లెక్సులో రావులపాలెం, రావులపాలెం అని జనాన్ని కేకేస్తోంది. 'సేమ్'కి పింఛను కాయితాలింకా తేలలేదు. వాటి స్థానంలో, ఎవరూ ఎన్నడూ వాడి ఎరగని అరుదైన మాటల్ని మనిషికొకటి చొప్పున పంచిపెట్టారు. పదసంపద పెరగాలంటే ఇంతకన్నా దారి లేదని ఉత్తర్వులో రాశారు.

నియమాలు కూడా అందులోనే ఉన్నాయి. మాటకి తిండి దాని అర్థం. ఆ అర్థం లోకంలో నిజంగా జరగాలి, జరిగాక మాటని కాయితం మీద వాడాలి, అప్పుడు దానికి కడుపు నిండుతుంది. జరగనిది జరిగినట్టు రాస్తే మాట కక్కేసుకుంటుంది. ఒకరి మాట ఇంకొకరు వాడితే దొంగతనం. మాట ఎంత అరుదైనదైతే ఆకలి అంత తక్కువ కనక కొన్నిటికి ఏడాదికి ఒక్క పూట చాలు. అయితే ఆ ఒక్క పూటా మార్చి నెలాఖరు లోపల పడాలి. పడకపోతే మాట చచ్చిపోతుంది. ఎవరింట్లో మాట చస్తే వాళ్ళకి ఆ ఏడు ప్రమోషను లేదు.

వరహాలరావు గుండెలో రాయి పడింది ఈ ఆఖరి ముక్క దగ్గరే. సూపరింటెండెంటు వచ్చే మార్చిలో రిటైరవుతున్నాడు. వరసలో తర్వాతి మనిషి వరహాలరావు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. సర్వీసంతా చేతుల్లేని కుర్చీలో కూర్చుని, మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకుని వెళ్ళబుచ్చాడు. సూపరింటెండెంటు కుర్చీకి చేతులున్నాయి. ఆ చేతుల మీద మోచేతులు ఆనించి కొన్నేళ్ళు కూర్చుని రిటైరవ్వాలని ఆయన కోరిక. ఇంతకు మించి ఆయన జీవితంలో ఏమీ అడగలేదు.

"మీ పేరేంటండి?" అని మాటని అడిగాడు.

"డిఫెనెస్ట్రేషన్," అంది మాట, నెమ్మదిగా, చాలా మర్యాదగా.

ఆఫీసులో ఉన్న లావుపాటి నిఘంటువు తెచ్చి వెతికారు. మనిషిని కిటికీలోంచి బయటికి గిరాటెయ్యడం అని ఉంది.

"దానిక్కూడా ఒక మాటుందా?" అంది రత్నమాణిక్యం. "ఏవండీ, వాళ్ళ దేశంలో అంత తరచుగా చేస్తారేంటి ఆ పని?"

"ఏమో. మనక్కూడా గిరాటెయ్యడం అని ఉందిగా."

"మనది తలుపులోంచైనా గిరాటెయ్యొచ్చు కదండీ. వాళ్ళకి కిటికీయే కావాలేమో." ఆవిడ మాట వంక జాలిగా చూసింది. "ఎంత దూరం నించొచ్చాడో, పాపం. ఇంటికొచ్చినవాణ్ణి పస్తు పెట్టకూడదు. ఏదోటి చూడండి."

మాట ఏమీ అడగలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కిటికీకి కోతుల కోసం బిగించిన ఇనప గ్రిల్లు ఉంది. మాట ఆ గ్రిల్లుని చూస్తూ రోజులు గడిపింది.

మిగతావాళ్ళ సంగతి రకరకాలుగా ఉంది. స్టోరుకీపరుకి 'ప్రాబిటీ' వచ్చింది. పరుల సొమ్ము ముట్టని నిజాయితీ అని దానర్థం. వచ్చిన వారానికే స్టోరు గదిలో సిమెంటు బస్తాల వెనక పోయింది. సహజ మరణమని రాసి, ఒక పూట సెలవిచ్చారు. పై ఆఫీసులో ఒక పెద్దమనిషి అల్లుడికి 'నెపోటిజం' వచ్చింది. అయినవాళ్ళకి ఆకుల్లో పెట్టడం అని అర్థం కనక అది మూడు పూటలా తిని, మెట్లెక్కలేనంత ఒళ్ళు చేసింది. వరహాలరావు ఎదుటి బల్ల దగ్గర కూర్చునే కర్రి సుభద్రకి 'ప్రోక్రాస్టినేషన్' వచ్చింది. పనిని రేపటికి తోసెయ్యడం అని అర్థం. ఆవిడ దాన్ని పోషించడానికి కొత్తగా చెయ్యాల్సింది ఏమీ లేకపోయింది. నిజానికి ఆఫీసు మొత్తం కలిసి దాన్ని పోషించింది. వరహాలరావు మాట పోతే ఆ చేతుల కుర్చీ సుభద్రకి వెళ్తుంది. ఆవిడ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. తర్వాత ఎత్తుదామనుకుంది.

ఇక నూకరాజు సంగతి చెప్పాలి. కుడుపూడి నూకరాజు లాకు దిగువన కొంచెం కౌలుకి చేసుకునే రైతు. ఆ లాకు పక్క తూముకి షట్టరు సరిగ్గా దిగదు. కాలవకి నీళ్ళు వదిలినప్పుడల్లా షట్టరు కింది నుంచి కారి నూకరాజు చేను చెరువైపోతుంది. దమ్ము చేసి, నారు ఊడ్చి, మళ్ళీ ఊడ్చి, చివరికి కౌలు మాత్రం కట్టి ఇంటికి పోతుంటాడు. షట్టరు బాగుచెయ్యండి మహాప్రభో అని తెలుగులో ఒక అర్జీ పెట్టుకున్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పైకి పంపే పని వరహాలరావుది. నూకరాజు ఎప్పుడొచ్చినా ఊరికే రాడు, కండువాలో ములక్కాడలో, రెండు కొబ్బరి బొండాలో చుట్టుకుని వస్తాడు. వద్దంటే బాధపడతాడని వరహాలరావు పుచ్చుకుంటాడు. ఆఫీసుకి వచ్చే జనంలో మనిషిలా పలకరించేది ఇతనొక్కడే అని ఆయనకి నూకరాజంటే ఇష్టం కూడా.

"మళ్ళీ మునిగిపోయిందండి," అన్నాడు నూకరాజు ఆ జూన్‌లో వచ్చి.

"మునిగిపోయిందని రాయడానికి మా దగ్గర మాట లేదు నూకరాజూ."

"మునిగిపోయిందనే రాయండి."

"పైకి తెలుగు వెళ్ళదు."

"పోనీ ఇంగిలీసులోనే, నీళ్ళని రాసెయ్యండి."

"వాటర్ రిటైరైపోయింది."

"ఆయ్, నిజవేనండి," అన్నాడు నూకరాజు. "రిటైరైపోయి మా సేలోనే ఉంటంది."

సరైన మాట లేకపోలేదు. ముంపుకి 'ఇనండేషన్' అని చక్కటి మాట ఉంది. కానీ అది జిల్లా ఆఫీసులో ఒక అకౌంట్సు అధికారి దగ్గర ఉంది. ఆయన తన పుట్టినరోజుకీ, పెళ్ళిరోజుకీ, కొత్త సంవత్సరానికీ వచ్చే శుభాకాంక్షల్లో తాను మునిగిపోయానని రాసి దాన్ని పోషిస్తున్నాడు. శుభాకాంక్షలు నిజంగానే వస్తాయి కనక ఎవరూ తప్పుపట్టడానికి లేదు. ఆయనా ఆ మార్చిలోనే రిటైరవుతాడు. అప్పుడా మాట ఈ డివిజను కొత్త సూపరింటెండెంటుకి వస్తుందని ముందే నిర్ణయమైపోయింది. అంతవరకూ నూకరాజు చేను మునిగింది అని చెప్పడానికి జిల్లాలో ఎవరికీ అధికారం లేదు.

ఈలోగా ఇంట్లో మాట చిక్కిపోతోంది. కోటు వదులైంది. రత్నమాణిక్యానికి మనసాగక, ఒక మధ్యాహ్నం పెరటి కిటికీ గ్రిల్లు సందులోంచి తలగడని బయటికి తోసి, "ఇదిగో, వేశాను," అని చూపించింది. మాట మొహం తిప్పుకుంది. మాటల బాగోగులు చూడ్డానికి ఊరూరా తిరిగే అర్థ పరిశీలకుడు జోగారావు అనే ఆయన వచ్చినప్పుడు అడిగితే, మనిషే కావాలన్నాడు. తలగడకి వేరే మాట ఉండి ఉంటుందన్నాడు. మాట నాడి చూసి, మార్చి దాకా లాక్కొస్తుంది గానీ ఆపైన చెప్పలేనన్నాడు. వెళ్తూ వెళ్తూ చక్కెర తక్కువేసి ఇంకో కాఫీ తాగాడు.

వరహాలరావు రూలు తప్పి ఏ పనీ చేసే మనిషి కాదు. ఒక మనిషిని ఆఫీసు కిటికీలోంచి విసరడానికి అనుమతి ఇప్పించమని డివిజనల్ ఆఫీసరు అన్నపూర్ణేశ్వరి గారికి విన్నవించుకున్నాడు. ఫైలు ఆరు బల్లలు తిరిగి వచ్చింది. విసరడానికి అభ్యంతరం లేదు, కిటికీకి నష్టం కలగరాదు, అని ఆవిడ రాశారు. ఆవిడకి వచ్చిన మాట 'మాగ్నానిమిటీ'. పెద్ద మనసు అని అర్థం. అది కొన్నాళ్ళుగా ఆవిడ చాంబరు బయట స్టూలు మీద గోడకి చారగిలబడి ఉంటోంది. ఈ సంతకంతో దానికి కాస్త ప్రాణం లేచొచ్చింది.

విసిరించుకోవడానికి ఇష్టమున్నవాళ్ళు పేర్లివ్వండి అని నోటీసు బోర్డు మీద పెట్టారు. ఒక్కరూ రాలేదు. ఒకరికి బీపీ, ఒకరికి మోకాలు, ఒకరికి ఇంట్లో శుభకార్యం. వరహాలరావు ఎదురుపడితే సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని పక్క సందులోకి తిరిగిపోయేవారు. అప్పుడు అన్నపూర్ణేశ్వరి గారు జాలిపడి, విసిరించుకున్నవారికి ఒక వారం ప్రత్యేక సెలవు అని ఇంకో నోటీసు పెట్టించారు.

అంతే, కొంప మునిగింది. ఆ సాయంత్రానికి ఆఫీసంతా కిటికీ దగ్గరే ఉంది. నేను సీనియర్ని, ముందు నన్ను విసరాలి అని ఒకరు. సీనియారిటీ కాదు, ఇంతవరకు ఏ లాభమూ పొందనివాళ్ళని ముందు విసరాలి అని ఇంకొకరు. బీపీ ఉన్నాయన డాక్టరు దగ్గర్నుంచి తనని నిక్షేపంగా విసరవచ్చునని సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. ఉద్యోగుల సంఘం రెండుగా చీలింది. చివరికి ఎవరో కోర్టుకెళ్ళి, సీనియారిటీ తేలేదాకా ఈ ఆఫీసు ఉద్యోగులెవర్నీ కిటికీలోంచి విసరరాదని స్టే పట్టుకొచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. వరహాలరావు ఇంటికెళ్ళి మాటకి ఎదురుగా కూర్చుని, "నన్ను క్షమించండి," అన్నాడు. మాట ఆయన చెయ్యి మీద చెయ్యేసింది. ఆ చేతికి అసలు బరువే లేదు.

మార్చి ముప్పై ఒకటి వచ్చింది. సర్కారు ఆఫీసుల్లో ఆ రోజు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు ఉండరు. ఏడాది పొడుగునా ముట్టుకోనిది ఆ ఒక్క రోజులో ఖర్చుపెట్టెయ్యాలి, లేకపోతే మురిగిపోతుంది. ఆ ఏడు మాటల్ని ఖర్చుపెట్టారు. 'ఆల్టర్కేషన్' వచ్చిన డ్రాఫ్ట్‌స్‌మనూ, 'రికన్సిలియేషన్' వచ్చిన టైపిస్టూ పొద్దున్న వరండాలో జుట్టూ జుట్టూ పట్టుకుని, మధ్యాహ్నం కావిలించుకుని ఏడ్చి, రెంటికీ కాయితాలు రాసుకున్నారు. పశ్చాత్తాపం తాలూకు మాట వచ్చినాయన ముందు పశ్చాత్తాపపడ్డానికి తగిన పనొకటి చెయ్యాలి కనక, హడావిడిగా కాంట్రాక్టరుకి ఫోను చేశాడు. జోగారావు బల్లబల్లకీ తిరిగి, జరిగినవి జరిగినట్టు చూసి ముద్రలేస్తున్నాడు. మేడ మీద కిటికీ గ్రిల్లుని వెల్డింగువాడు పొద్దున్నే కోసి పక్కన పెట్టాడు. ఆ చోట ఇప్పుడు ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆ పక్కనే ఒక కుర్చీ వేసి, ఇంటి నుంచి రిక్షాలో తెచ్చిన మాటని కూర్చోబెట్టారు. దానికి మెడ నిలబడ్డం లేదు. రత్నమాణిక్యం పక్కన నిలబడి పట్టుకుంది.

సాయంత్రం నాలుగు దాటాక నూకరాజు మెట్లెక్కి వచ్చాడు. కండువాలో ములక్కాడలున్నాయి.

వరహాలరావు అతన్ని చూశాడు. అతని మీద స్టే లేదు. అతను ఉద్యోగి కాడు. అతనికి సీనియారిటీ లేదు, సంఘం లేదు. ఈ ఆలోచన తనదేనా అని వరహాలరావుకే ఆశ్చర్యమేసింది. వెంటనే సిగ్గేసింది. సిగ్గుతోనే నోరు విప్పాడు.

"నూకరాజూ, నిన్ను ఈ కిటికీలోంచి బయటికి విసరాలయ్యా."

"ఎందుకండి?"

"విసిరితే నేను సూపరింటెండెంటునవుతాను. అప్పుడు ముంపు మాట నాకొస్తుంది. నీ చేను మునిగిందని పైకి రాయడానికి అదొక్కటే దారి."

నూకరాజు కిటికీ దగ్గరకెళ్ళి కిందికి తొంగిచూశాడు. "కింద ఇసకేయిత్తారాండి?"

"ఇసక్కి ఇండెంటు పెట్టాం. వచ్చినట్టు కూడా రాసుకున్నాం."

"కనపడతా లేదేంటండి?"

"రాసుకున్నాం," అన్నాడు వరహాలరావు మళ్ళీ.

నూకరాజు పంచె ఎగ్గట్టి, తనే కిటికీ గడప మీదికెక్కి కూర్చున్నాడు. దూకబోతుంటే జోగారావు పరిగెత్తుకొచ్చి ఆపాడు. "తనంతట తాను దూకితే అది వేరే మాటండి. పక్క డివిజన్లో ఒకాయనకిచ్చాం. మీరు ఆయన అన్నం లాక్కోకూడదు. విసరాలి."

వరహాలరావు ఒక కాలు పట్టుకున్నాడు. సుభద్ర లేచొచ్చింది. ఇది రేపు పెట్టుకుంటే బాగుండేదేమో అంది. రేపు ఏప్రిల్ ఒకటి అన్నారెవరో. ఆవిడ నిట్టూర్చి, పమిట దోపుకుని, నూకరాజు రెండో కాలు పట్టుకుంది. ఎదటివాళ్ళ ప్రమోషనైనా పని పనే.

"ఉండండుండండి," అన్నాడు నూకరాజు. "ముందీ ములక్కాడలందుకోండి. ఇరిగిపోతాయి."

వరహాలరావు ములక్కాడలు అందుకుని బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత ఇద్దరూ కలిసి నూకరాజుని కిటికీలోంచి బయటికి విసిరారు. నోట్లో నాలుక లేని మనిషికి చేతుల్లో అంత బలముందని ఆఫీసులో ఎవరికీ తెలీదు. ఆయనకీ తెలీదు.

కింద చప్పుడైంది. జోగారావు తొంగిచూసి, నిజంగానే జరిగిందని ముద్ర వేశాడు. వరహాలరావు ఆ మాటని కాయితం మీద రాశాడు. కిటికీ పక్క కుర్చీలో మాటకి మెడ నిలబడింది. బుగ్గలు పొంగాయి. కోటు బొత్తాలు బిగిసిపోయాయి. అది లేచి నిలబడి, ఒక్కసారి తృప్తిగా త్రేన్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. రత్నమాణిక్యం కళ్ళు తుడుచుకుని, "బతికాడండీ," అంది. ఆ సందట్లో కింద నుంచి నూకరాజు, "బాబుగారూ, కాలండి," అని రెండుసార్లు పిలిచింది ఎవరికీ సరిగ్గా వినపడలేదు. తర్వాత వినపడింది. అదే రిక్షాలో ఆసుపత్రికి పంపారు. ములక్కాడలు ఒక్కటీ విరగలేదు.

మర్నాడు వరహాలరావు చేతుల కుర్చీలో కూర్చున్నాడు. మోచేతులు ఆనించాడు. అనుకున్నదానికన్నా బాగానే ఉంది. గ్రిల్లు మళ్ళీ అతికించారు. అన్నమాట ప్రకారం ఇనండేషన్ కూడా ఆ పొద్దున్నే ఇంటికి వచ్చింది. అది పొట్టిగా, లావుగా ఉంది, పాదాలు తడిగా ఉన్నాయి. అది కూర్చున్న చోటల్లా నీళ్ళు నిలుస్తున్నాయి కనక రత్నమాణిక్యం దానికి వరండాలో బల్ల వేసింది. దానికి ఏడాదికి ఒక్క పూట చాలదు, రెండు మూడు నెలలకోసారైనా తిండి కావాలి. అకౌంట్సు అధికారిలాగా వరహాలరావుకి శుభాకాంక్షలు వచ్చిపడవు. ఆయన పుట్టినరోజు రత్నమాణిక్యానికి కూడా జ్ఞాపకం ఉండదు. ఆయన ఎరికలో నిజంగా మునిగేది ఒక్క నూకరాజు చేనే.

ఏప్రిల్ సగంలో ఎప్పటిలాగే కాలవలు కట్టేశారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేదాకా షట్టర్లకీ లాకులకీ మరమ్మతులు చేసుకునే కాలం అదొక్కటే. నూకరాజు చేను ఎండి బీటలు వారింది. వరండాలో మాట రోజురోజుకీ పీల్చుకుపోయింది. పాదాలు ఆరిపోయాయి. వరహాలరావు బల్ల మీద ఆ తూము షట్టరు మరమ్మతు కాయితం ఉంది. చిన్న పని. దానికి పైకి పంపక్కర్లేదనీ, సూపరింటెండెంటు సంతకం ఒక్కటి చాలనీ ఆ కుర్చీలో కూర్చున్నాకే ఆయనకి తెలిసింది. ఆయన దాన్ని పొద్దున్న పైకి తీసి, సాయంత్రం కిందికి పెట్టేవాడు. షట్టరు బాగుపడితే చేను మునగదు. చేను మునక్కపోతే మాట చస్తుంది. మాట చస్తే ఆ ఏటి ప్రమోషను రద్దు, కుర్చీ పోతుంది. సుభద్ర మాట 'ప్రోక్రాస్టినేషన్' మాత్రం ఆయన గుమ్మం దగ్గరికి కూడా వచ్చి తినిపోతోంది.

మే నెలలో ఒక ఆదివారం నూకరాజు చంకకర్రతో వరహాలరావు ఇంటికి వచ్చాడు. కాలికింకా కట్టుంది. రత్నమాణిక్యం గబగబా కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. హాల్లో కిటికీ పక్క కూర్చున్న మాట అతన్ని చూసి లేచి నిలబడి, తల వంచి నమస్కారం పెట్టింది. నూకరాజు కూడా పెట్టాడు.

"మాటొచ్చిందాండి?" అని అడిగాడు.

"వచ్చింది," అన్నాడు వరహాలరావు. "వరండాలో ఉంది."

నూకరాజు కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాడు. మాట కళ్ళు తెరిచి అతని వంక చూసింది. పస్తున్న పిల్లాడు వంటింటి వంక చూసినట్టు చూసింది.

"ఈయనేనాండి నా సేను మాట?"

"అవును."

"ఇలా చిక్కిపోయేడేంటండి?"

వరహాలరావుకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఉన్నదంతా చెప్పాడు. సంతకం సంగతి, షట్టరు సంగతి, కుర్చీ సంగతి కూడా చెప్పాడు. "ఇది పోతే నీ చేను గురించి పైన చెప్పడానికి మళ్ళీ మాటన్నది ఉండదు నూకరాజూ. నీ చేతులు పట్టుకుంటాను. నువ్వు చెయ్యమంటే రేపే సంతకం చేస్తాను."

రత్నమాణిక్యం గుమ్మంలో నిలబడి పైటచెంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరూ నూకరాజు నోటివంకే చూశారు. సంతకం పెట్టాల్సినవాడు నూకరాజు కాడన్న సంగతి ఆ నిమిషాన ముగ్గురికీ తోచలేదు.

"మా తాత కాణ్ణించీ మునుగుతానే ఉందండి," అన్నాడు నూకరాజు. "పైనెవరూ ఓ మాటనుకోలేదు. ఇన్నాళ్ళకి ఒకడొత్తే, ఆణ్ణి సంపుకుంటామాండి." వంగి, మాట ఎండిన పాదాల్ని చేత్తో తడిమాడు. "కంగారడకు. ఇంకెంత, జూన్ రాగానే నీళ్ళొదిలేత్తారు. కడుపునిండా తిందువు గాని."

వరహాలరావుకి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. దిగినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు సోమవారం పొద్దుటి దాకా ఉంది.

జూన్‌లో అనుకున్న రోజుకే కాలవలకి నీళ్ళు వదిలారు. షట్టరు కింది నుంచి కారి నూకరాజు చేను గట్లు కనపడకుండా నిండింది. వరహాలరావు పైకి ఉత్తరం రాశాడు. ముంపుని ముంపని, నిజంగా జరిగినదాన్ని జరిగినట్టు, అరుదైన మాటతో రాశాడు. వరండాలో మాట ఆ సాయంత్రానికల్లా గుండ్రంగా అయిపోయి, బల్ల కింద మడుగు కట్టించింది. పైనుంచి జవాబు వారంలోనే వచ్చింది. ఈ డివిజను నుంచి ఇంత మంచి ఇంగ్లీషు ఎన్నడూ రాలేదనీ, ఇలాగే నెలనెలా రాస్తూ ఉండమనీ, ఈ ఉత్తరాన్ని జిల్లా అంతటికీ నమూనాగా పంపుతున్నామనీ అందులో ఉంది. షట్టరు ప్రసక్తి లేదు.

నూకరాజు మేడ మెట్లెక్కలేడు కనక ఆ జవాబు వచ్చిన రోజు కిటికీ కిందే నిలబడ్డాడు. సరిగ్గా తను పడ్డచోటే. అక్కడిప్పుడు ఇసక పోసి ఉంది, ఇండెంటు పెట్టిన ఇసక మే నెలలో వచ్చింది. మన ఉత్తరం ఒక్కసారి చదివి వినిపించమని అడిగాడు. వరహాలరావు గ్రిల్లు దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో మొదటినుంచి చివరిదాకా చదివాడు. నూకరాజు కర్ర మీద బరువాన్చి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ పెద్ద మాట వచ్చినప్పుడు మాత్రం గుర్తుపట్టి తలూపాడు.

"ఎంత బాగా మునిగిందండి నా సేను," అన్నాడు.

ఇంకోసారి చదవమన్నాడు. వరహాలరావు చదివాడు.